టీపాయి మీద జానెడు జాగా

ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక చక్కటి అమ్మాయి నవ్వుతూ ప్రత్యక్షమవుతుంది. మీ కాఫీ టేబుల్ మీ వ్యక్తిత్వానికి అద్దం పట్టాలి అంటుంది. ఒకటి ఎత్తుగా ఉండేది పెట్టండి, ఒకటి పొట్టిగా ఉండేది పెట్టండి, ఒకటి ప్రాణమున్నది పెట్టండి అంటుంది. ప్రాణమున్నది అంటే మొక్క. మా ఇంట్లో టీపాయి మీద ప్రాణమున్నది ఏదైనా ఉందంటే అవి మా ఆయన కాళ్లే.

మీరు నవ్వుతారు గానీ, నేను ఈ పని చేసే రిటైరయ్యాను. నిజం చెప్పాలంటే మన దగ్గర దాన్ని కాఫీ టేబుల్ అనేవాళ్లెవరూ లేరు. అది టీపాయి. దాని మీద తాగేది చాయ్. దాని మీద ఉండేవి టీవీ రిమోటు, వెనక మూత ఊడిపోయి రబ్బరు బ్యాండు వేసుకున్న ఇంకో రిమోటు, బీపీ గోలీలు, నిన్నటి పేపరు, పిల్లలు చెక్కిన పెన్సిల్ పొట్టు, ఎప్పుడో అయిపోయిన పెళ్లి తాలూకు కార్డు. ఇంతకన్నా వ్యక్తిత్వం ఎవరికి కావాలి? అవన్నీ తీసి సొరుగులో కుక్కి, ఆ జాగాలో వాళ్లకు లేని వ్యక్తిత్వాన్ని అందంగా అమర్చి రావడమే నా ఉద్యోగం.

అంతకుముందు సికింద్రాబాద్‌లో ఒక చీరల దుకాణంలో అద్దాల వెనక నిలబడే బొమ్మలకు చీరలు కట్టేదాన్ని. బొమ్మలు మాట్లాడవు, కుచ్చిళ్లు బాగా లేవని అలగవు. ఆ సుఖం తర్వాత మళ్లీ దొరకలేదు. ఆ దుకాణం మూతపడ్డాక, మేడ్చల్ రోడ్డు మీద ఇళ్లకు లోపలి అలంకరణ చేసే ఒక కంపెనీలో చేరాను. అల్వాల్‌లో మా ఇంటికి దగ్గరని చేరానే తప్ప కళాతృష్ణ ఏమీ లేదు. మా బాసు నా కొడుకు వయసువాడు. కస్టమర్ల ముందు నన్ను సీనియర్ స్టైలిస్ట్ అనేవాడు, వాళ్లు వెళ్లాక ఆంటీ అనేవాడు. ఆ పిల్లాడికి ప్రతి వస్తువులోనూ స్టోరీ ఉండాలి. పూలకుండీకి స్టోరీ, దిండుకు స్టోరీ. ఒకసారి డోర్ మ్యాట్ స్టోరీ ఏమిటి ఆంటీ అని అడిగితే, కాళ్లు తుడుచుకోవడం నాన్నా అని చెప్పాను.

నాకు స్టోరీలు లేవు గానీ రెండు పట్టింపులు ఉండేవి. టీపాయి మీద ఏమి పెట్టినా జానెడు జాగా ఖాళీగా వదలాలి, వచ్చినవాళ్లు చాయ్ గ్లాసు పెట్టుకోవాలి కదా. రెండోది, గ్లాసు అడుగున పడే ఆ తడి గుండ్రపు మరక నా కంట పడకూడదు. సంచిలో ఎప్పుడూ మెత్తటి గుడ్డ ఉండేది. ఎవరింటికి చుట్టంగా పోయినా అలవాటుకొద్దీ తుడిచేసేదాన్ని. మా ఆడపడుచు దీన్ని చాలాకాలం తన ఇంటి శుభ్రత మీద వేసిన విసురు అనుకుంది. అలా అనుకోవడంలో కొంత నిజమూ ఉంది.

ఇక ఆ ఇల్లు సంగతి. శామీర్‌పేట దాటి కొంచెం లోపలికి పోతే ఒకప్పుడు అన్నీ ద్రాక్షతోటలే. ఇప్పుడు ప్లాట్లు, వాటి మధ్య కమాన్లు, కమాన్ల మీద గుర్రాల బొమ్మలు. అలాంటి ఒక వెంచరు వేసిన ఆసామి, దాంట్లోనే తనకూ పెద్ద ఇల్లు కట్టుకున్నాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల కారు. ఊళ్లో అందరూ పటేలు అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. హాలు చూస్తే ఫంక్షన్ హాలంత ఉంది. మేము మాట్లాడితే మా మాట మాకే తిరిగి వినిపించేది.

"మేడమ్, ఎవలొచ్చినా ముందుగాల సోఫల కూసుంటరు. కూసున్నంక సూసేది టీపాయినే. అండ్ల నేను కనవడాలె," అన్నాడు పటేలు.

మా పద్ధతి ప్రకారం ఆయన అభిరుచులు కనుక్కోవాలి. ఏ రంగు ఇష్టం సార్ అంటే తెలుపు అన్నాడు. అది నాకు ముందే అర్థమైంది. తీరిక దొరికితే ఏం చేస్తారు అంటే పంచాయితీ చేస్తానన్నాడు. ఏం పుస్తకాలు చదువుతారు అంటే పాస్‌బుక్ అన్నాడు, కొంచెం కూడా నవ్వకుండా. మా బాసు గంభీరంగా తల ఊపాడు. బయటికి వచ్చాక, రూటెడ్ పర్సనాలిటీ ఆంటీ, మట్టితో ముడిపడిన మనిషి, ఆ స్టోరీ పట్టుకోండి అన్నాడు.

మట్టి కోసం ఆయన పాత ఇంటికి పోయాను. ఊళ్లో ఉన్న ఆ ఇంట్లో పటేలు తల్లి ఉంటోంది. కొత్త ఇంటికి పోవడానికి ఆమెకు అభ్యంతరమేమీ లేదు, లిఫ్టు ఎప్పుడు పనిచేస్తుందా అని ఎదురుచూస్తోంది. అందరూ అవ్వ అంటారు. నేను పాత సామాను ఏదైనా ఉందా అని వెతుకుతుంటే వెనకే తిరిగింది. గంగాళం చూపించింది, కుంపటి చూపించింది. అవన్నీ ప్రతి హోటల్‌లోనూ గుమ్మం దగ్గర పెట్టేస్తున్నారు, నాకు నచ్చలేదు. పెరట్లోకి పోతే, గోడ వారగా రాతి కడీలు పడి ఉన్నాయి. ద్రాక్ష పందిళ్లకు పాతే రాతి స్తంభాలు. మనిషి కన్నా ఎత్తు, వానకూ ఎండకూ నునుపుదేరి, బూడిదరంగులో ఏనుగు కాళ్లలా ఉన్నాయి. వాటిని మోకాలెత్తుకు కోయించి, మీద మందపాటి అద్దం పలక వేస్తే అంతకన్నా మంచి టీపాయి ఉండదని అక్కడే తేల్చుకున్నాను.

"అవ్వా, ఇవి తీసుకుపోనా?"

"తీస్కపో బిడ్డా. పడున్నయి గద."

తర్వాత నాకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చుంది. తన మనసులో ఉన్నది అప్పుడు చెప్పింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. చిన్నోడు అన్నతో మాట్లాడక ఏళ్లయింది. ఊరికి అటు కొసన వేరే ఇల్లు కట్టుకుని ఉన్నాడు.

"వస్తడు బిడ్డా. నేను రమ్మంటె ఎందుకు రాడు, పండుగకొస్తడు, పబ్బానికొస్తడు. అన్న ముంగట కూసుంటడు. చాయ్ ఇస్తె టీపాయి మీద వెట్టిస్తడు. ఇగ ముట్టడు. అది మీగడ గట్టి సల్లగయ్యేదాక అట్లనే సూసుకుంట కూసుంటడు. అందరు సూడాలె, గీ ఇంట్ల నేను మంచినీళ్లు గూడ ముట్టలేదని. అప్పుడు లేసి పోతడు. ఆ గ్లాసు నేను తీసి పారబోస్త."

"ఎందుకు గొడవ?"

"భూమి లొల్లి. నువ్వు చాయ్ తాగు, సల్లారుతాంది," అంది.

మన దగ్గర అలిగినవాడు ఇంటికి రావడం మానేస్తే అది చిన్న అలక. వచ్చి, ముందున్న చాయ్ తాగకుండా పోతే అది పెద్దది. ఆ అవ్వకు కొత్త ఇంట్లో లిఫ్టు పనిచేయకపోయినా సరే, చిన్నోడు ఒక గుక్క తాగితే చాలు. అది నాకు బాగా అర్థమైంది. నేనేం చేయగలను, టీపాయి సర్దేదాన్ని అనుకుని వచ్చేశాను.

కడీలు కోయించాం. పందిరి తీగ ఆనడానికి ఒక కొసన గాడి ఉంది, ఇంకో కొస చదునుగా ఉంది. అద్దం కదలకుండా నిలవాలని చదును కొస పైకి పెట్టించాను, గాడి నేలకు పోయింది. పటేలు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. మొదట మొహం చిట్లించాడు, మా పొలంల రాళ్లు తెచ్చి మా హాల్ల వెడితిరా అన్నాడు. మా బాసు స్టోరీ చెప్పాడు. ఇలాంటివి రాజస్థాన్‌లో కోటల్లో ఉంటాయని కూడా చెప్పాడు. దాంతో పటేలుకు నచ్చింది.

నచ్చాక అసలు కష్టం మొదలైంది. నేను ఒక రాగి పళ్లెం, అందులో ఎండు ద్రాక్షతీగ చుట్ట, ఒక మట్టికుండీలో మొక్క పెట్టి ఆపాను. పటేలు రోజూ ఏదో ఒకటి తెచ్చి చేర్చేవాడు. సన్మానాల్లో ఇచ్చిన షీల్డు, ఇత్తడి నాగలి, గాజుపెట్టెలో చార్మినారు, ఎవరో పెద్దాయనతో దిగిన ఫోటో. నేను పోయి తీసేదాన్ని, మర్నాటికి అవి తిరిగి వచ్చేవి. చివరికి బేరానికి దిగాం.

"సార్, నాగలి ఉంచండి. చార్మినార్ తీసేయండి. ఇక్కడ జానెడు జాగా మాత్రం నాది. దాని జోలికి రావద్దు."

"ఖాళీ జాగా మీద మీకేంది మేడమ్ గంత పావురం, గంత ప్రేమ? మా దందాల ఖాళీ జాగా ఉంటే ఎవడన్న కబ్జా వెడ్తడు," అన్నాడు. కానీ వదిలేశాడు.

గృహప్రవేశం నాడు పొద్దున్నే వ్యాన్‌లో పోతున్నాం. మా డ్రైవరు ఆ పక్క ఊరివాడు. దారిలో మాటల్లో నేను కడీల గురించి గొప్పలు చెప్పుకుంటుంటే అతను బ్రేకు వేసినంత పని చేశాడు.

"అక్కా, ఏం కడీలు? తోట కడీలా? లొల్లి అంత గవే గదనే."

అప్పుడు తెలిసింది. ఆ ద్రాక్షతోట అన్నదమ్ములిద్దరిదీ. పందిళ్లు నిలబెట్టింది, తీగలు పాకించింది చిన్నోడు, వాళ్ల బాపుతో కలిసి. భార్య కాన్పుకని అతను అత్తగారి ఊరికి పోయినప్పుడు, పెద్దాయన జేసీబీ పెట్టి తోట మొత్తం లేపేశాడు. తిరిగొచ్చేసరికి కడీలు కుప్పపోసి ఉన్నాయి, తోటలో రోడ్లకు సున్నం గీతలు గీసి ఉన్నాయి. చిన్నోడికి రావాల్సిన వాటా వచ్చింది, దాని గురించి గొడవ లేదు. "ఒక్క మాట అడగలే అక్కా. గదొక్కటే ఆయన బాధ," అన్నాడు డ్రైవరు.

అంటే ఆ ఇంట్లో అందరూ ఏళ్లుగా దాటవేస్తున్న తగాదాను నేను కోయించి, పాలిష్ పెట్టించి, మీద అద్దం వేసి, హాలు మధ్యలో నిలబెట్టాను. వ్యక్తిత్వానికి అద్దం పట్టడమంటే ఇంతకన్నా ఎవరూ పట్టలేరు. బాసుకు ఫోన్ చేసి చెప్పాను. పవర్‌ఫుల్ స్టోరీ ఆంటీ అన్నాడు. ఫోన్ పెట్టేశాను. పటేలు దొరికితే చెప్పాను, గుడ్డ కప్పి పక్కకు జరుపుదామన్నాను. ఆయన కొత్త కండువాలో ఉన్నాడు, వినే స్థితిలో లేడు.

"వాడు వచ్చుడు, కూసునుడు, పోవుడు. రాళ్లు సూస్తడా ఏంది, మీరు పరేషాన్ గాకుర్రి," అన్నాడు.

వ్రతం అయింది. జనం మొదలయ్యారు. వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో రంగు కాగితం చుట్టిన డబ్బా. అవి పెట్టడానికి ఎక్కడెక్కడో బల్లలు వేసి ఉంటే, అందరికీ నా టీపాయే కనిపించింది. గోడగడియారాలు, దేవుడి పటాలు, డిన్నర్ సెట్లు. నాగలి కనిపించకుండా పోయింది, మొక్క ఒరిగింది. నా జానెడు జాగాలో ఎవరో గడియారం డబ్బా నిలువునా పెట్టారు. లోపల గడియారం టిక్కుటిక్కుమంటోంది కూడా. పటేలు సోఫాలో కూర్చుని వచ్చినవాళ్లందరికీ టీపాయి కాళ్లు చూపిస్తున్నాడు. రాజస్థాన్ నుంచి తెప్పించిన రాళ్లట. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆ రాజస్థాన్‌లో ఒక కోట, ఆ కోటకు ఒక రాణి కూడా వచ్చి చేరారు.

నేను డబ్బాలు తీసి నా జాగా ఖాళీ చేసుకుందామని వంగాను. గడియారం డబ్బా చేతిలోకి తీసుకున్నాను కూడా. అప్పుడే చిన్నోడు లోపలికి వచ్చాడు. అన్న పోలికే, కానీ రంగు చొక్కా. ఎవరినీ చూడకుండా వచ్చి అన్నకు ఎదురుగా కూర్చున్నాడు. వంటింటి వైపు నుంచి అవ్వ వస్తోంది. అందరికీ కాగితం కప్పుల్లో చాయ్, ఈ కొడుక్కి మాత్రం పాత స్టీలు గ్లాసులో, పొగలు కక్కుతూ. అంచు కొంగుతో పట్టుకుని తెస్తోంది. ఆమె మొహం చూశాను. మళ్లీ పారబోయడానికే తెస్తున్నట్టు ఉంది.

నేను గడియారం డబ్బాను తీసిన చోటే పెట్టేశాను. ఇన్నేళ్ల నా పట్టింపుకు నేనే కబ్జా పెట్టాను.

అవ్వ గ్లాసు అతని చేతిలో పెట్టి వెనక్కి జరిగింది. అతను అలవాటుగా ముందుకు వంగాడు, గ్లాసు పెట్టడానికి. జాగా లేదు. ఎడమ పక్క చూశాడు, డిన్నర్ సెట్టు. కుడిపక్క వేంకటేశ్వరస్వామి పటం, దాని మీద గ్లాసు పెట్టేంత కోపం అతనికి లేదు. కింద పెడదామంటే పిల్లలు పరుగెత్తుతున్నారు. గ్లాసు కాలుతోంది. ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నాడు. నేలకేసి చూస్తూ జాగా వెతుకుతుంటే, అప్పుడు కంటబడ్డాయి అద్దం కింద కడీలు.

కదలకుండా అయిపోయాడు.  ఇక లేచి పోతాడు, అవ్వకు ఈ ఇంట్లో ఆ గుక్క ఎప్పటికీ దక్కదు, చేజేతులా చెడగొట్టాను అనుకున్నాను.

"గీ రాళ్లు ఏడియి?" అన్నాడు, ఎవరినీ కాదు, రాళ్లనే అడిగినట్టు.

పటేలు కండువా సర్దుకున్నాడు. పక్కనున్న చుట్టం ఒకాయన సాయం చేయబోయాడు. "రాజస్థాన్‌వి అంట. కోటలయి."

చిన్నోడు వంగి, గ్లాసు లేని చేత్తో కడీని తడిమాడు. కిందదాకా పోయి నేల దగ్గర గాడిలో బొటనవేలు పెట్టి చూశాడు.

"రాజస్థాన్ల గూడ అనాబ్‌షాహి ద్రాక్ష పండిస్తరా?" అన్నాడు.

 అతను రాతినే చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ, మనసు ఎక్కడో ఉండగా, చేతిలో ఉన్న గ్లాసు పెదవుల దగ్గరికి పోయింది. ఒక గుక్క తాగాడు. తాగినట్టు అతనికే తెలియదు. అవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది, కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. ఉద్యోగంలో అలా జరగడం అదే మొదటిసారి, చీరల దుకాణంలో బొమ్మ నా మీద పడి చెయ్యి విరిగినప్పుడు తప్ప.

"తలకిందులు వెట్టిన్రు," అన్నాడు చిన్నోడు. ఇంకో గుక్క తాగాడు.

పటేలు వెంటనే నా వైపు వేలు చూపించాడు. "గా మేడమ్ వెట్టింది."

"మేడమ్‌కేమెరుక? నీకెరుక గదనే. గాడి మీదికుండాలె. తీగ ఏడ ఆగుతది?"

"సూడలే రా."

"సూడలే. అడగలే గూడ. అప్పుడు గంతే, ఇప్పుడు గంతే."

 గడియారం డబ్బా ఒక్కటే చప్పుడు చేస్తోంది. పటేలు తన తెల్ల ప్యాంటు మోకాళ్లను చేతులతో రుద్దుకున్నాడు. ఆయన పంచాయితీల్లో ఎందరికో తీర్పులు చెప్పినవాడు. అంతసేపు మాట కోసం వెతుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అవ్ రా. అడగకపోతి," అన్నాడు చివరికి. కొంచెం ఆగి, "ఇప్పుడు అడుగుతున్న. ఎట్ల వెట్టాలె, సెప్పు," అన్నాడు.

 చిన్నోడు గ్లాసులో మిగిలిన చాయ్ మొత్తం తాగేసి లేచాడు. చొక్కా చేతులు మడిచాడు. తర్వాత జరిగింది చూస్తే మా బాసు గుండె ఆగిపోయేది. డబ్బాలు, పటాలు, షీల్డు, నాగలి, నా రాగి పళ్లెం, నా ద్రాక్షతీగ చుట్ట, అన్నీ నేల మీదికి దిగాయి. నలుగురు కలిసి అద్దం లేపారు. అన్నదమ్ములిద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో కడీని పొట్లాడుకుంటూ తిప్పారు. ఇటు కాదు అటు అని ఒకడు, నీకంటే నాకెరుక అని ఇంకొకడు. తెల్ల ప్యాంటుకు గాడుల్లోని పాత మట్టి అంటింది. హాల్లో నేలకు పరిచిన ఇటాలియన్ రాయి మీద గీతలు పడ్డాయి. అద్దం మళ్లీ మీద వేశాక, పటేలు ఆయాసంతో సోఫాలో కూలబడి, "బాపు ఉంటే ఇద్దర్ని దన్నుతుండె," అన్నాడు. చిన్నోడు ఆ మాటకు నవ్వలేదు గానీ, అన్న పక్కనే కూర్చున్నాడు.

తర్వాత అవ్వను ఒంటరిగా పట్టుకుని అడిగాను, ఆ కడీలు ఏవో తెలిసే ఇచ్చావా అని. "నువ్వడిగినవ్, నేనిచ్చిన," అంది. లిఫ్టు ఎక్కి పైకి పోయింది.

మా బాసు ఆలస్యంగా వచ్చాడు. హాలు చూసి నోరు వెళ్లబెట్టాడు. నేను ఇన్ని రోజులు సర్దినదంతా గోడవారగా కుప్పగా పడి ఉంది. టీపాయి మీద ఏమీ లేదు, ఖాళీ స్టీలు గ్లాసు ఒక్కటి తప్ప. చిన్నోడు పోతూ దాన్ని అక్కడే పెట్టాడు.

"ఆంటీ, స్టైలింగ్ ఇంకా అవ్వలేదా?" అన్నాడు.

"అయింది నాన్నా," అన్నాను.

గ్లాసు తీశాను. కింద అద్దం మీద తడి మరక గుండ్రంగా పడి ఉంది. అలవాటుకొద్దీ సంచిలో చెయ్యి పెట్టి గుడ్డ తీశాను, మళ్లీ లోపల పెట్టేశాను. అంత ఉద్యోగంలో తుడవకుండా వదిలి వచ్చిన మరక అదొక్కటే.